ఫెయిరీ దొరగారూ, కాస్త కాలు తీస్తారా?

మూడో అధ్యాయంలో ఆయన ఆవిడ చెయ్యి పట్టుకుంటాడు. ఈమధ్య ఇంగ్లీషులో గుట్టలుగా వచ్చిపడుతున్న చారిత్రక ఫాంటసీ ప్రేమకథలు చదివేవాళ్ళకి ఈ ఘట్టం కొత్తేం కాదు. విక్టోరియా రాణి కాలపు లండన్. ఆవిడ ఒక పెద్దింట్లో పనిమనిషి. ఆయన ఫెయిరీల, అంటే ఇంగ్లీషు జానపద కథల్లోని మాయలోకపు జనాల, యువరాజు. వయసు తొమ్మిది వందల ఏళ్ళు, చూడ్డానికి ఇరవై ఎనిమిది. పట్టుకున్న చేతిని వెన్నెల్లో అటూ ఇటూ తిప్పి చూసి, "పువ్వులా ఉంది" అంటాడు.

నా పేచీ అంతా ఆ చేతితోనే. మిగతావన్నీ ఒప్పేసుకుంటాను. రెక్కలున్నాయా, ఉండనీ. అద్దంలోంచి ఇంకో లోకానికి దారుందా, శుభం. తొమ్మిది శతాబ్దాలుగా ఒక్క సంబంధమూ కుదరలేదా, పాపం, జాతకంలో ఏదో దోషం ఉండి ఉంటుంది. విక్టోరియా కాలపు పనిమనిషి చెయ్యి పువ్వులా ఉందంటే మాత్రం నమ్మడం నా వల్ల కాదు. కల్పనకైనా ఓ హద్దుండాలి.

ఆ చెయ్యి ఏం చేసేదో చూడండి. ఇంట్లోవాళ్ళు లేవకముందే చలిమంట గూట్లో బూడిద ఎత్తాలి. ఇనప చట్రానికి నల్లటి గ్రాఫైట్ ముద్ద పూసి మెరిసేదాకా తోమాలి. బొగ్గులు పైకి మొయ్యాలి, వేడినీళ్ళు పైకి మొయ్యాలి, రాత్రి దొరలూ దొరసానులూ మంచాల కింద వాడుకున్న కుండలు కిందికి మొయ్యాలి. గిన్నెలకీ నేలకీ చాకలిసోడా కలిపిన నీళ్ళే. చలికాలంలో ఆ నీళ్ళకి వేళ్ళు వాచి, పగిలి, రక్తాలు కారేవి. ఇంటిపనంతా ఒక్కతే చేసే మనిషికి జీతం 9 నుంచి 14 పౌన్లని 1861లో అచ్చయిన మిసెస్ బీటన్ గృహనిర్వహణ గ్రంథం లెక్క కట్టింది. నెలకి కాదండీ, ఏడాదికి. పనివాళ్ళందరిలోనూ జాలిపడదగ్గది బహుశా ఈవిడ ఒక్కతే అని ఆ గ్రంథమే ఒప్పుకుంది. ఒప్పుకుని, ఆవిడ చెయ్యాల్సిన పనుల జాబితాలోకి నిమ్మళంగా దిగిపోయింది.

సరే, యువరాజావారిని ప్రవేశపెడదాం. వేళ తెల్లవారుజాము అయిదున్నర. ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని బూడిద ఎత్తుతోంది. గదిలో వెండి వెలుగు.

"ఓ మానవకన్యా! తొమ్మిది శతాబ్దాలుగా నీ కోసమే..."

"కాస్త కాలు తీస్తారా దొరగారూ? బూడిద తొక్కుతున్నారు."

ఆయన కాలు తీస్తాడు. తీసి, ఆవిడ ఇప్పుడే తుడిచిన చోట పెడతాడు.

"నా హృదయం మంచుకోటలో గడ్డకట్టి..."

"గడ్డకట్టిందంటే గుర్తొచ్చింది, పెరట్లో పంపు గడ్డకట్టింది. మీకు మంత్రాలేమైనా వచ్చా?"

"ప్రేమకి మంత్రాలతో పనేముంది?"

"ప్రేమకి కాదండీ, నీళ్ళకి."

"నేను చిటికె వేస్తే అడవులు పూస్తాయి!"

"బొగ్గులొస్తాయా?"

యువరాజు మౌనం. పైనుంచి గంట మోగుతుంది. దొరసానికి టీ కావాలి.

"నాతో వచ్చెయ్. మా కోటకి రాణివవుతావు."

"కోటలో గదులెన్ని?"

"మూడు వందలు."

"చలిమంటలు?"

"గదికొకటి."

"ఎవరు తోముతారు?"

తొమ్మిది వందల ఏళ్ళలో ఆయన్ని ఎవరూ అడగని ప్రశ్న ఇది. ఆలోచించుకోడానికి ఆయన ఒక వసంతకాలం గడువడిగాడు. ఆవిడకి అంత తీరికెక్కడిది, రెండో గంట కూడా మోగింది.

పాత జానపదులకి ఈ విషయాలన్నీ మనకంటే బాగా తెలుసు. స్కాట్లండ్ పల్లెల్లో బ్రౌనీ అని ఒక ఫెయిరీ ఉండేవాడు. అందరూ పడుకున్నాక వచ్చి ఇల్లూడ్చి, పనులన్నీ చక్కబెట్టి, ఒక గిన్నెడు మీగడ తాగి పోయేవాడు. బట్టలు పెడితే మాత్రం అలిగి వెళ్ళిపోయేవాడు. మరగుజ్జు, ఒళ్ళంతా జుట్టు, కాబట్టి మన ప్రేమకథలకి పెళ్ళికొడుకుగా పనికిరాడట. నన్నడిగితే ఆ లోకం మొత్తానికి చేసుకోదగ్గ సంబంధం అదొక్కటే.

దొర ఫెయిరీల సంగతి కూడా చెప్పుకున్నారు. ఇంగ్లండ్ నైరుతి కొసన కార్న్‌వాల్‌లోని జెన్నర్ ఊరి పిల్ల చెర్రీ కథని జానపద కథలు సేకరించిన రాబర్ట్ హంట్ 1865లో అచ్చేశాడు. పని వెతుక్కుంటూ బయల్దేరిన చెర్రీ దారిలో దిగులుపడి ఏడుస్తుంటే ఒక పెద్దమనిషి కనిపిస్తాడు. భార్య పోయింది, చిన్న కొడుకున్నాడు, మనిషి కావాలంటాడు. ఆవుపాలు పితకాలి, పిల్లాడి కళ్ళకి లేపనం రాయాలి, ఆ లేపనం తను మాత్రం ముట్టుకోకూడదు. పని బాగా చేస్తే దొరగారు ముద్దు పెట్టేవాడు. జీతం సంగతి కథ పెద్దగా పట్టించుకోదు. ఒకరోజు చెర్రీ ఆ లేపనం తన కంటికే రాసుకుంది. చూస్తే దొరగారు చిన్న చిన్న ఫెయిరీ ఆడవాళ్ళని ముద్దులాడుతున్నాడు. తర్వాత ఈమె దగ్గరికి వచ్చేసరికి అతని చెంప చెళ్ళుమంది. మర్నాడు తెల్లవారకముందే ఉద్యోగం ఊడింది. బుద్ధిగా ఉంటే అప్పుడప్పుడూ వచ్చి చూస్తానని చెప్పి దిగబెట్టి పోయాడు. రాలేదు. ఆ పిల్ల మతి చెడి, వెన్నెల రాత్రుల్లో అతని కోసం బీడుభూముల్లో తిరిగేదట.

ఈ కథ అల్లినవాళ్ళకి ఫెయిరీలు తెలుసో లేదో గానీ, యజమానులు తెలుసు.

1891 జనాభా లెక్కల్లో ఇంగ్లండ్, వేల్స్‌లలో ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు 13 లక్షల పైచిలుకు. మానేస్తే వెళ్ళేటప్పుడు మంచి మనిషని చీటీ రాసివ్వాలని యజమాని మీద చట్టం లేదు. చీటీ లేకపోతే ఇంకో ఇంట్లో పని దొరకదు. అటక గదిలో పడుకునే పిల్ల తలుపు ఏ యజమాని కొడుకో తడితే, ఆమె గతేంటి? లండన్‌లో తల్లులు వదులుకున్న బిడ్డల్ని పెంచే ఆశ్రమం, ఫౌండ్లింగ్ హాస్పిటల్, గుమ్మం ముందు బిడ్డనెత్తుకుని నిలబడ్డవాళ్ళలో ఎక్కువమంది ఇలా ఇళ్ళల్లో పనిచేసినవాళ్ళే. మగవాళ్ళ కమిటీ ముందు నిలబడి, ఎవడు, ఎక్కడ, ఎలా అని అడిగినవన్నీ చెప్పి, తను మునుపు మర్యాదస్తురాలినని ఋజువు చేసుకుంటేనే బిడ్డని తీసుకునేవాళ్ళు. ఆ పిల్లని లాక్కొచ్చి, చేతులకి క్రీమ్ రాసి, నడుం సన్నం చేసి, ఆ తలుపు తట్టినవాడికి రెక్కలు తగిలించి "విధిరాసిన ప్రేమ" అని అమ్ముతున్నారా? సిగ్గుండాలి. తలుపుకి గడియ ఉందా లేదా అని ఒక్క నవలలోనైనా ఒక్క వాక్యం రాశారా?

మనవాళ్ళేం తక్కువ తినలేదు. హైదరాబాద్ అపార్టుమెంట్లలో మధ్యాహ్నాలు సోఫాలో పడుకుని ఫోన్లో ఇవే చదువుతారు. గిన్నెల చప్పుడు డిస్టర్బెన్సని వంటింటి తలుపు వేయిస్తారు. పనిమనిషి జ్వరమొచ్చి రెండ్రోజులు రాకపోతే జీతంలో కోత, పైకి రావాలంటే వేరే లిఫ్టు. ఫెయిరీ యువరాజు పనిపిల్లతో ఒకే పాత్రలో మధువు తాగిన చోట కళ్ళొత్తుకున్న ఈ తల్లులే ఆమె టీకి గ్లాసు విడిగా పెట్టారు. రెండో భాగం వస్తోందట, ప్రీ-ఆర్డర్ కూడా చేసేశారు.