రివర్ట్ చేయగలరు

నాకు ఆఫీసు ఇంగ్లీషులో పదిహేనేళ్ల అనుభవం ఉంది. ఇంగ్లీషులో అనడం లేదు, గమనించండి. ఆఫీసు ఇంగ్లీషు వేరే భాష. అందులో ఉత్తరం మొదట 'ఈ మెయిల్ చేరేసరికి మీరు కులాసాగా ఉన్నారని తలుస్తాను' అని రాయాలి. మా తాతయ్య కార్డు ముక్క మీద రాసే 'ఉభయకుశలోపరి'కి ఇది మనవరాలు. తర్వాత 'కైండ్లీ' ఒకటి, 'ద సేమ్' ఒకటి, చివర్న 'డూ ది నీడ్‌ఫుల్'. ఈ ఆఖరిది దొరలు వాడి వదిలేసిన మాట. వాళ్లు పడవెక్కి వెళ్లిపోయారు, అది మాత్రం మన ఫైళ్లలో ఉండిపోయింది.

ఆ గురువారం సాయంత్రం మాదాపూర్ ఆఫీసులో కూర్చుని డల్లాస్‌లో ఉన్న క్లయింటు ఇంజనీరుకి మెయిల్ కొట్టాను. మూడు వారాలు తిండీ నిద్రా మాని మా టీమ్ మార్చిన బిల్లింగ్ స్క్రీన్ గురించి. 'మార్పులన్నీ ఎక్కించాం. వివరాలు జతచేశాను. కైండ్లీ గో త్రూ ద సేమ్ అండ్ రివర్ట్ ఎట్ ది ఎర్లియెస్ట్.' చూసి జవాబివ్వు నాయనా అని నా భావం. మనకి రివర్ట్ అంటే జవాబే కదా. మా హెచ్ఆర్ నుంచి పెళ్లిళ్ల బ్రోకరు దాకా అందరూ రివర్ట్ అవుతామనే అంటారు. అవరు, అది వేరే సంగతి.

అక్కడ అప్పుడే ఉదయం తొమ్మిది. పాపం, బుద్ధిమంతుడు. గంటలోపే జవాబొచ్చింది. నేను ఇంట్లో పెరుగన్నం కలుపుకుంటూ ఎడమచేత్తో ఫోన్ తీసి చూశాను. 'డన్. రివర్టెడ్ ఎవ్రీథింగ్.'

ఎంత సంతోషమేసిందంటే, మా ఆవిడకి కూడా చూపించాను. "చూశావా, మనతో పనిచేసి పనిచేసి వీడికీ మన భాష వచ్చేసింది. అన్నిటికీ జవాబిచ్చేశాడట" అన్నాను. ఆ జవాబులు ఎక్కడున్నాయో వెతకాలన్న బుద్ధి మాత్రం పుట్టలేదు. ఆవకాయ ముక్క ఇంకోటి వేయించుకుని, హాయిగా నిద్రపోయాను.

పొద్దున్నే టెస్టింగ్ కుర్రాడి ఫోను. "అన్నా, స్క్రీన్ మళ్లీ పాతది వచ్చింది. మనం చేసిందేదీ లేదు."

విషయం తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. ప్రోగ్రామర్లు మార్పుల లెక్క ఉంచుకోవడానికి వాడే గిట్‌లో రివర్ట్ అనే కమాండే ఒకటుంది. ఎక్కించిన మార్పుని రద్దు చేసి, వస్తువుని పాత రూపానికి తెస్తుంది. అసలు ఇంగ్లీషులో ఆ మాటకి అర్థం కూడా అదే, వెనకటి స్థితికి పోవడం. నేను దయచేసి, వీలైనంత త్వరగా, అన్నీ పీకెయ్యమన్నాను. ఆయన పీకేశాడు. మెయిల్ కింద మడతలో ఇంకో వాక్యం కూడా ఉంది, నేను రాత్రి చూడనిది: 'ఏమైనా కొంప మునిగిందా?'

మునిగింది. ఇప్పుడు దాన్ని సరిచేయమని రాయాలి. గిట్‌లో దానికీ మార్గముంది, చేసిన రివర్ట్‌ని రివర్ట్ చేయొచ్చు. మా మేనేజరు స్వయంగా డ్రాఫ్టు రాసిచ్చారు: 'కైండ్లీ రివర్ట్ ద రివర్ట్ అండ్ రివర్ట్ బ్యాక్.' అదేమిటండీ అంటే, "ముందుకు జరపడానికి మనవాళ్లు వాడే ప్రీపోన్‌ని ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీలో ఎక్కించుకోలేదూ? ఇదీ ఎక్కించుకుంటారు. ముందు పంపు" అన్నారు.

పంపలేదు. ఆ డ్రాఫ్టు నాన్నగారికి చూపించాను. ఆయన తహసీల్దారు కార్యాలయంలో సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. కళ్లజోడు సర్దుకుని, "కైండ్లీ ఎందుకురా? 'సదరు విషయమై తగు చర్య తీసుకొనవలసిందిగా కోరడమైనది' అని రాయి" అన్నారు.

"ఎవరు కోరారు నాన్నా?"

"అదే కిటుకు. 'కోరడమైనది'. ఎవరు కోరారో దేవుడికి కూడా తెలియదు. ముప్పై ఏళ్లు కర్త దొరకని వాక్యాలే రాశాను. ఒక్క మెమో అందుకోకుండా ఇంటికొచ్చాను. నువ్వు 'నేను పంపాను, నువ్వు చూడు' అని రాసి దొరికిపోయావు."

దొరికింది అందుకు కాదని ఆయనకి చెప్పే ఓపిక లేక, నేనే కూర్చుని రాశాను. 'నిన్నటి నా మెయిల్‌లో తప్పు మాట పడింది. మీరు తీసేసిన మార్పులన్నీ దయచేసి తిరిగి పెట్టండి. స్క్రీన్ బాగుందో లేదో శుక్రవారం సాయంత్రంలోపు చెప్పండి.' మూడు వాక్యాలు. రాయడానికి నలభై నిమిషాలు పట్టింది. కాపీలో పెట్టిన మేనేజరు వెంటనే కబురంపారు: "మరీ మొహం మీద కొట్టినట్టుందయ్యా. క్లయింటుతో గొడవేమైనా పెట్టుకున్నావా?"

ఆ సాయంత్రానికి స్క్రీన్ తిరిగి వచ్చింది. దాంతోపాటు డల్లాస్ నుంచి చిన్న మెయిల్. అర్థం చేసుకున్నాడు, పాపం, మన పద్ధతి పట్టుకోవాలని కూడా ప్రయత్నించాడు. 'నో వర్రీస్. విల్ చెక్ ద సేమ్, డూ ది నీడ్‌ఫుల్ అండ్ రివర్ట్.'

ఏ రివర్టో రాయలేదు. అన్నం పళ్లెం పక్కకి జరిపి, డల్లాస్‌కి ఫోన్ కలిపాను.