పూలమోజు గారికి, ఆకుల తరఫున

మహారాజశ్రీ పూలమోజు గారికి,

చలి తగ్గింది, మొక్కలు చిగుళ్లు వేస్తున్నాయి కాబట్టి తమరు మళ్లీ డ్యూటీలో చేరే ఉంటారు. తోటలో అడుగుపెట్టిన ప్రతి మనిషి నోటా తమరి ప్రశ్నే వినిపిస్తోంది: "ఇది పూయదా?" అడిగేవాళ్ల మొహంలో ఆ జాలి చూడాలి! ఎదురుగా కోలియస్ ఒకే ఆకు మీద ఊదా, ముదురెరుపు, లేతాకుపచ్చ పరుచుకుని నిలబడి ఉంటుంది. అయినా సరే, "ఓహో, ఉత్త ఆకులేనా" అని ఓ నిట్టూర్పు.

ఉత్త ఆకులేనండీ. గాలిలోంచి కార్బన్ డయాక్సైడు, వేళ్ల నుంచి నీళ్లు, పైనుంచి ఎండ తీసుకుని చక్కెర తయారుచేసి మొక్క మొత్తాన్ని పోషించేది ఆ ఉత్త ఆకులే. పువ్వు వచ్చి, తిని కూర్చుని, నాలుగు రోజులు షోకు చేసి రాలిపోతుంది. ఫొటోలన్నీ దానికే. సొమ్మొకడిది, సోకొకడిది అంటే ఇదే మరి.

ఈ వసంతంలో వీలుచూసుకుని రబ్బరు మొక్క దగ్గర కాసేపు నిలబడమని మనవి. కొమ్మ చివర ఎర్రటి తొడుగు ఒకటి పండుమిరపకాయలా మొనదేలి ఉంటుంది. కొత్త ఆకు దానిలోపల చుట్ట చుట్టుకుని ఉంటుంది. తొడుగు ఓ పక్కన చీలుతుంది, ఆకు మెల్లగా విప్పుకుంటుంది. చూస్తే తర్వాతి ఆకు తొడుగు అప్పటికే పక్కన సిద్ధం! పని అయిపోయిన పాత తొడుగు ఎండి కుండీలో రాలుతుంది. అప్పుడే విప్పుకున్న ఆకుని తాకి చూడండి, ఎంత మెత్తగా ఉంటుందో. కొన్నాళ్లకు అదే దళసరిగా, బిరుసుగా తయారవుతుంది. దీనికి సువాసన లేదు, నిజమే.

క్రోటన్లది మరో తీరు. చాలా రకాల్లో ఆకు పచ్చగా పుట్టి, ముదిరేకొద్దీ పసుపు, నారింజ, ఎరుపు తేలుతుంది. వయసుతో రంగు తేలడం అందరికీ దక్కే భాగ్యం కాదు. నీడలో పెడితే మాత్రం అలిగి మళ్లీ ఆకుపచ్చ చిగుళ్లే వేస్తుంది. దీనికి సరిగ్గా రివర్సులో, కొన్ని చెట్ల లేత చిగుళ్లు రాగిరంగులో వస్తాయి. అది ఆంథోసయనిన్లనే ఎర్ర రంగు పదార్థాల చలవ. పత్రహరితం నిండేకొద్దీ ఆ ఎరుపు మాయమవుతుంది. ఆ రంగు చూడాలంటే ఈ కాసిన్ని రోజులే, తమరేమో మొగ్గలు లెక్కపెడుతూ ఉంటారు.

చలికాలంలో ఆకులన్నీ వాలిపోయిన కలేడియం కుండీని చూసి "చచ్చిపోయింది, పారేయండి" అని సలహా ఇప్పించిందీ తమరే కదా? చావలేదండీ, మట్టిలో దుంప నిద్రపోతోంది. నేల వెచ్చబడితే లేస్తుంది.

ఇక అసలు సంగతి. తమరు గేటు మీదికి పాకించి మురిసిపోయే కాగితం పూలున్నాయే, ఆ గులాబీ రంగు రేకులు ఆకులే. అసలు పువ్వులు వాటి మధ్య సన్నని గొట్టాల్లా, తెల్లగా ఉంటాయి. వాటిని ఏనాడైనా పలకరించారా? పాయిన్‌సెట్టియా ఎరుపూ ఆకులదే. ఆంథూరియంలో నిగనిగలాడే ఆ ఎర్ర రేకూ ఆకు జాతే. దాని పూలు మధ్యలో ఉన్న కాడ మీద చుక్కల్లా ఉంటాయి, వాటివైపు ఎవరూ చూడరు. పూలల్లోని రేకులు, కేసరాలు అన్నీ ఆకు రూపాలేనని జర్మన్ కవి గోథే 1790లోనే రాశాడు. తర్వాత రెండు వందల ఏళ్లకు శాస్త్రవేత్తలు పూల భాగాలను తీర్చిదిద్దే జన్యువులు పనిచేయని మొక్కల్ని పరిశీలిస్తే, రేకులు ఉండాల్సిన చోట ఆకుల్లాంటివే కనిపించాయి. అంటే తమరు ఇన్నాళ్లూ చేసింది మా భజనే. థాంక్సండీ.

మా ఆకుల పిచ్చివాళ్లు మాత్రం తక్కువ తిన్నారా అంటే, అదీ లేదు. మాన్‌స్టెరా ఆకు మీద తెల్లమచ్చ పడితే చాలు, ఆస్తిపత్రాలు దొరికినంత హడావుడి చేసేవాళ్లున్నారు. ఆ తెల్లటి చోట పత్రహరితం ఉండదు, కాబట్టి ఆ భాగం మొక్కకు కూర్చుని తినే చుట్టమే. ఆ లెక్కన అది తమరి పార్టీకే దగ్గర.

చివరిగా ఒక్క విన్నపం. ఈ రోజుల్లో మేం కోలియస్ తలలు గిల్లుతుంటాం, పక్క కొమ్మలు వేసి గుబురుగా ఎదగాలని. తర్వాత పూతకంకి కనిపించినా గిల్లేస్తాం, వదిలేస్తే మొక్క బలమంతా గింజలకే పోతుంది. అప్పుడు వెనక నిలబడి "అయ్యయ్యో, పూలు!" అని కేకలు పెట్టకండి, చెయ్యి అదురుతుంది. గిల్లిన కొమ్మ కొసల్ని గ్లాసు నీళ్లలో పెడితే కొద్దిరోజుల్లో వేళ్లొస్తాయి. తమరికీ ఒకటి పంపిస్తాను. మిట్టమధ్యాహ్నపు ఎండలో మాత్రం పెట్టకండి, రంగు వెలిసిపోతుంది.

ఇట్లు,
తమరి లెక్కలో ఎప్పుడూ లేని
ఆకుల మనిషి