నాలుగు వేలా, ఇరవై తొమ్మిది వేలా?

2022 జనవరిలో రోజూ సాయంత్రం వచ్చిన ఆరోగ్యశాఖ బులెటిన్‌ ప్రకారం తెలంగాణలో కొవిడ్‌ మృతులు నాలుగు వేలకు కాస్త అటూ ఇటూ. కొవిడ్‌తో మా మనిషి పోయాడు, రూ.50 వేల పరిహారం ఇప్పించండి అంటూ వచ్చిన దరఖాస్తులు దాదాపు 29 వేలని అదే ప్రభుత్వం సుప్రీంకోర్టుకు చెప్పింది. వాటిలో 15 వేలకు పైగా మంజూరయ్యాయి కూడా. అడిగినవారందరూ నిజమే చెప్పారని ఎవరూ అనరు. కానీ మంజూరైనవి అలా కాదు. అధికారులు కాగితాలు ముందు వేసుకుని, ఇది కొవిడ్‌ మరణమేనని ఒప్పుకొని సంతకాలు పెట్టినవి. అవే బులెటిన్‌ అంకెకు దాదాపు నాలుగింతలు! ఖజానా ఒప్పుకున్న చావును బులెటిన్‌ ఒప్పుకోలేదు. మధ్యలో ఉన్న 11 వేల పైచిలుకు మంది ఏ రోగంతో పోయినట్టు?

ఈ కాకిలెక్కలు మన ఒక్క రాష్ట్రానివే కావు. గుజరాత్‌లో అధికారిక మృతులు 10 వేల పైచిలుకు. దరఖాస్తులు 89 వేలు దాటాయి, 68 వేలకు పైగా ఆమోదం పొందాయి. ఆంధ్రప్రదేశ్‌లో మృతులు 14 వేలు దాటితే దరఖాస్తులు 36 వేలు దాటాయి, డబ్బు చేతికందింది మాత్రం 11 వేల పైచిలుకు కుటుంబాలకే. అందుకే 2022 జనవరి 19న సుప్రీంకోర్టు ఆంధ్రప్రదేశ్‌, బిహార్‌ ప్రధాన కార్యదర్శులను వీడియోలో హాజరుపరచి మరీ చీవాట్లు పెట్టింది. పక్క రాష్ట్రానికి అక్షింతలు పడ్డాయి కదా అని హైదరాబాద్‌లో ఊపిరి పీల్చుకోనక్కర్లేదు. అక్కడి తగాదా డబ్బు ఇవ్వలేదని. ఇక్కడిది అంతకన్నా మౌలికమైనది: డబ్బు ఇచ్చి కూడా లెక్క మార్చలేదు.

2021 అంతా ఇదే వరస. మెప్పు తెచ్చే అంకెలు నిమిషాల మీద వచ్చాయి, జవాబు చెప్పుకోవలసిన అంకెలు మాత్రం మాయమయ్యాయి. జనవరి 16న టీకా మొదలైంది. టీకాల వెబ్‌సైటు కొవిన్‌ తెరపై డోసులు కిలోమీటర్‌ మీటరులా తిరిగాయి. అక్టోబర్‌ 21న నూరు కోట్లు దాటగానే దేశమంతా పండగ చేశారు. మన హైదరాబాద్‌ జీనోమ్‌ వ్యాలీలో పుట్టిన కొవాగ్జిన్‌ టీకా కూడా అందులో ఉన్నందుకు ఈ నగరమూ సంతోషించింది, సంతోషించాలి కూడా. రెండో విడత ఉద్ధృతంగా ఉన్న ఏప్రిల్‌లోనే 17న నాగార్జునసాగర్‌ ఉప ఎన్నిక, 30న వరంగల్‌, ఖమ్మం నగరపాలక ఎన్నికలు జరిపారు. వాటిలో పడిన ఓట్లు ఒక్కటీ పొల్లుపోకుండా లెక్క తేలాయి. అవే రోజుల్లో అవే ఊళ్లలో పోయిన మనుషుల లెక్క 2022 జనవరికీ తేలలేదు.

జులై 20న కేంద్రం రాజ్యసభలో ఇచ్చిన సమాధానం గుర్తుందా? ఆక్సిజన్‌ అందక చనిపోయినట్టు ఏ రాష్ట్రమూ ప్రత్యేకంగా నివేదించలేదట. అప్పటికి తిరుపతి రుయా ఆస్పత్రిలో 11 మంది పోయి రెండు నెలలు దాటింది. మే 10 రాత్రి ట్యాంకర్‌ రావడం ఆలస్యమై సరఫరా దెబ్బతిందని నాడు అధికారులే చెప్పారు. హై ఫ్లో యంత్రం మీద ఉన్న రోగికి నిమిషానికి 60 లీటర్ల దాకా ఆక్సిజన్‌ కావాలి. 7 వేల లీటర్ల జంబో సిలిండర్‌ అలాంటి ఒక్క రోగికి రెండు గంటలు కూడా రాదు. ట్యాంకులో మట్టం పడిపోతే పైపుల్లో పీడనం తగ్గుతుంది. సిలిండర్లు తెచ్చి కలిపేలోపు జరగాల్సింది జరిగిపోతుంది. ఏప్రిల్‌ 23న బేగంపేట నుంచి వాయుసేన విమానంలో ఒడిశాకు ఖాళీ ట్యాంకర్లు పంపింది ఆ గంటలు కలిసొస్తాయనే. నింపిన ట్యాంకర్‌ను విమానంలో తేకూడదు గనక ఒకవైపే కలిసొచ్చింది. ఇంత హడావుడి ఎందుకు చేశారు, కొరత లేకపోతే?

అయినా ‘నివేదించలేదు’ అన్న మాట సాంకేతికంగా అబద్ధం కాదు. మోసమంతా అక్కడే ఉంది. డెత్‌ సర్టిఫికెట్‌ ఫారంలో ‘ఆక్సిజన్‌ అందక’ అన్న గడి లేదు. డాక్టరు శ్వాసకోశ వైఫల్యం అని రాస్తాడు, కింద కొవిడ్‌ న్యుమోనియా అని రాస్తాడు. జిల్లా దాన్ని రాజధానికి, రాజధాని దిల్లీకి పంపుతుంది. దిల్లీ ఆ కాగితం చూసి, ఆక్సిజన్‌ మాటే లేదు కదా అంటుంది. అడగని ప్రశ్నకు జవాబు రాలేదని సభకు చెప్పడాన్ని సమాధానం అంటారా?

ఆ ఫారం సంగతి కొంచెం వివరంగానే చెప్పుకోవాలి. ఆస్పత్రిలో పోయినవారికి ఫారం-4, ఇంట్లో పోయినవారికి ఫారం-4ఎ. మొదటి భాగంలో (ఎ) గడిలో ప్రాణం తీసిన తక్షణ స్థితి, (బి), (సి) గడుల్లో దానికి దారితీసినవి వరుసగా రాయాలి. అట్టడుగు గడిలో ఉండేదే మూలకారణం, లెక్కలోకి వెళ్లేది అదే. షుగర్‌, బీపీ, పాత కిడ్నీ జబ్బు రెండో భాగంలో ఉండాలి. అంటే కొవిడ్‌ రోగికి పైన అక్యూట్‌ రెస్పిరేటరీ డిస్ట్రెస్‌ సిండ్రోమ్‌ (ఊపిరితిత్తులు ఉన్నట్టుండి పనిచేయకపోవడం), దాని కింద న్యుమోనియా, అడుగున కొవిడ్‌-19. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్‌) 2020లోనే ఇది విడమరిచి చెప్పింది. పరీక్షలో తేలితే యూ07.1, లక్షణాలను బట్టి అనుమానమైతే యూ07.2 అని కోడ్‌లూ ఇచ్చింది.

జరిగేది వేరు. రాత్రి డ్యూటీలో ఉన్న పీజీ డాక్టరు (ఎ) గడిలో ‘కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్‌’ అని రాసి మిగతావి ఖాళీగా వదిలేస్తాడు. గుండె, ఊపిరి ఆగడమే చావు. అది కారణం ఎలా అవుతుంది? ఇంకొకచోట రెండో భాగంలో ఉండాల్సిన షుగర్‌ మొదటి భాగం అడుగుకు దిగుతుంది. ఆ ఒక్క గడి మారితే మనిషి కొవిడ్‌ పద్దులోంచి మధుమేహం పద్దులోకి వెళ్లిపోతాడు. మూడోది, వెంటిలేటర్‌ మీద ఇరవై రోజులు ఉన్న రోగికి ఈలోగా ఆర్‌టీపీసీఆర్‌ నెగెటివ్‌ వస్తుంది. ఊపిరితిత్తులను తినేసింది ఆ వైరస్సే అయినా, పోయిననాడు నెగెటివ్‌ గనక కొవిడ్‌ కాదు. పరీక్ష చేసిన 30 రోజుల్లోపు పోతే కొవిడ్‌ మరణమేనని, ఆస్పత్రిలోనే ఉండి 30 రోజులు దాటాక పోయినా అంతేనని కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చేసరికి 2021 సెప్టెంబర్‌ 3 వచ్చింది. రెండో విడత అప్పటికే వచ్చి పోయింది.

ఇక కుటుంబం చేతికి వచ్చే మరణ ధ్రువపత్రంలో కారణమే ఉండదు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం 17వ సెక్షన్‌ ప్రకారం కారణాన్ని అందులో బయటపెట్టకూడదు. రోగి పరువు కాపాడే ఉద్దేశంతో పెట్టిన ఆ నిబంధన కొవిడ్‌ వేళ కుటుంబాల మెడకు చుట్టుకుంది. సర్టిఫికెట్‌లో కొవిడ్‌ అని లేదన్న సాకుతో పరిహారం నిరాకరించొద్దని అక్టోబర్‌ 4న సుప్రీంకోర్టు ప్రత్యేకంగా ఆదేశించాల్సి వచ్చిందంటే కౌంటర్ల దగ్గర ఏం జరిగిందో ఊహించుకోవచ్చు.

ఇంట్లో పోయినవారిది మరీ దిక్కులేని కథ. 2021 ఏప్రిల్‌, మే నెలల్లో ఈ నగరంలో పరీక్షకు టోకెన్‌ దొరకడమే గగనమైంది. చాలామంది నేరుగా డయాగ్నస్టిక్‌ సెంటర్‌కు వెళ్లి ఛాతీ సీటీ స్కాన్‌ తీయించుకుని, స్కోరు చూసి, తెలిసిన డాక్టరు ఫోన్లో చెప్పిన స్టెరాయిడ్‌ వాడుతూ, మంచం కోసం వెతుకుతూ పోయారు. మార్గదర్శకాల ప్రకారం ఆర్‌టీపీసీఆరో ర్యాపిడ్‌ పరీక్షో ఉండాలి. లేదంటే ఆస్పత్రిలో చేరాక అక్కడి వైద్యుడు కొవిడ్‌ అని తేల్చి ఉండాలి. బయట తీయించిన స్కాన్‌ ఒక్కటే ఉంటే చెల్లదు. పరీక్షలు పెంచండని హైకోర్టు 2020 నుంచి ఎన్నిసార్లు మొట్టికాయలు వేసిందో ఆరోగ్యశాఖకు తెలియదా? పరీక్ష చేయనిది ప్రభుత్వం. పరీక్ష కాగితం లేదని తిరస్కరించేదీ ప్రభుత్వమే. మే నెలలో రాష్ట్ర సరిహద్దులోని పుల్లూరు టోల్‌గేటు దగ్గర ఆంధ్రా అంబులెన్సులను వెనక్కి తిప్పారు. 14న హైకోర్టు స్టే ఇస్తేగానీ దారి వదల్లేదు. అలా తిరిగి వెళ్లినవారిలో ఎందరు దక్కారో రెండు రాష్ట్రాల్లో ఏ పుస్తకంలోనూ వెతికి ప్రయోజనం లేదు.

ప్రపంచమంతటా కొవిడ్‌ లెక్కలు తక్కువగానే పడ్డాయని, డబ్బు అనగానే దొంగ దరఖాస్తులు వస్తాయని అధికారులు అంటారు. రెండూ కొంతవరకు నిజమే. మంజూరు చేసిన 15 వేల పైచిలుకు గురించి మాత్రం ఈ రెండు వాదనలూ ఒక్క ముక్క చెప్పవు.

లెక్క తగ్గితే ఎవరికి లాభమో 2020 మార్చి 14న చూశాం. కొవిడ్‌ మృతుల కుటుంబాలకు రూ.4 లక్షలు అని హోంశాఖ ఉత్తర్వు ఇచ్చింది, గంటల్లోనే మార్చేసింది. తర్వాత సుప్రీంకోర్టులో అంత ఇస్తే విపత్తు నిధి ఖాళీ అవుతుందని వాదించింది. 2021 జూన్‌ 30న కోర్టు గట్టిగా చెబితేనే సెప్టెంబర్‌లో రూ.50 వేలు అయింది. ఇది మొదలూ కాదు. 2020 మే 1న వలస కూలీల తొలి శ్రామిక్‌ రైలు మన లింగంపల్లి నుంచే ఝార్ఖండ్‌లోని హతియాకు బయల్దేరింది. దారుల వెంట ఎందరు వలస కూలీలు పోయారని ఆ సెప్టెంబర్‌ 14న లోక్‌సభలో అడిగితే, అలాంటి లెక్క లేదని, కాబట్టి పరిహారం ప్రశ్నే తలెత్తదని కార్మిక శాఖ తేల్చేసింది. ఆ జవాబు అప్పుడు చెల్లింది. చెల్లింది గనకే మరుసటి ఏడు ఆక్సిజన్‌కూ అదే జవాబు వచ్చింది. ఇప్పుడు బులెటిన్‌కూ అదే చెల్లితే రేపు వరదలకు, వడదెబ్బకు, గనుల్లో ప్రమాదాలకు, ఫార్మా పేలుళ్లకు కూడా ఇదే దారి. లెక్క పెట్టకు, బాధ్యత రాదు. దేశంలో నమోదయ్యే మరణాల్లో వైద్యపరమైన కారణం ధ్రువీకరించేది అయిదింట ఒకటే. 2021లో జరగాల్సిన జనగణనా జరగలేదు. పాలకులకు ఇంతకన్నా అనువైన చీకటి ఏముంటుంది?

లెక్క దిద్దుకోవడం అసాధ్యమేమీ కాదు. పట్నా హైకోర్టు నిలదీస్తే బిహార్‌ 2021 జూన్‌ 9న ఒక్కరోజులో తన మృతుల సంఖ్యను 5,458 నుంచి 9,429కి సవరించింది. ఆ బిహార్‌ చేసిన పాటి పని కూడా తెలంగాణ చేయలేదు. మంజూరైన దరఖాస్తుల జాబితా సర్కారు దగ్గర ఉంది. దాన్ని బులెటిన్‌లో కలపడానికి ఒక ఉత్తర్వు చాలేది. తిరస్కరిస్తే కారణం కుటుంబానికి తెలపాలని, లోపం సరిదిద్దుకోనివ్వాలని సుప్రీంకోర్టు చెప్పింది. ఫిర్యాదుల కమిటీలు వేయమంది. ఆ కమిటీ ఎక్కడ కూర్చుంటుందో, ఏ రోజు కూర్చుంటుందో ప్రతి మీసేవ గోడ మీదా అంటించాల్సింది.

ఇంకొకటి, అప్పుడే తొందరగా చేయాల్సినది. అప్పటి నిబంధన ప్రకారం మరణం 21 రోజుల్లో నమోదు కావాలి; 30 రోజులు దాటితే అధికారి అనుమతి, అఫిడవిట్‌; ఏడాది దాటితే మేజిస్ట్రేట్‌ ఉత్తర్వు. రెండో విడతలో ఇళ్లలో పోయి నమోదు కానివారికి 2022 ఏప్రిల్‌, మే నెలల్లో ఏడాది నిండింది. ఆ తర్వాత కూలి మానుకుని కోర్టు మెట్లెక్కేదెవరు? ప్రభుత్వం 2022 జనవరి 21 నుంచి ఇంటింటికీ జ్వర సర్వే చేయించింది. ఆశా కార్యకర్త, ఏఎన్‌ఎం కిట్లు పట్టుకుని ప్రతి గడపా ఎక్కారు. జ్వరం ఉందా, దగ్గు ఉందా అని అడిగిన ఆ ఫారంలోనే ఇంకొక గీత గీయాల్సింది: 2020 మార్చి నుంచి ఈ ఇంట్లో ఎవరైనా పోయారా, ఎప్పుడు, ఎక్కడ, నమోదైందా? దీనికి చట్టం మార్చక్కర్లేదు, దిల్లీ అనుమతి అక్కర్లేదు, అదనంగా ఒక్క మనిషినీ పెట్టక్కర్లేదు. అంత చేసి కూడా ఆ ఒక్క ప్రశ్న వద్దనుకుంటే, జవాబు ఎంత వస్తుందో ముందే తెలుసు కాబట్టే వద్దనుకున్నారని రాయాల్సి వస్తుంది.