అడిగారు సరే, అడిగిందేమిటి?

ఈ ఉదయం మా కుటుంబ వాట్సాప్ గ్రూపులో అనకాపల్లి నుంచి మా బాబాయి ఒక వాయిస్ మెసేజ్ పెట్టారు. పాత అణు జలాంతర్గాముల వ్యర్థాలను ఎక్కడ దాచాలో బ్రిటన్ ప్రభుత్వం ప్రజలనే అడిగి నిర్ణయించిందని ఎక్కడో చదివారట. "చూశావా అమ్మా, మీ ఇంగ్లండులో చెత్త పెట్టాలన్నా జనాన్ని అడుగుతారు, మనవాళ్ళు ఎప్పుడు నేర్చుకుంటారో" అన్నది దాని సారాంశం. నేనుండేది స్కాట్లండులో, అదీ రొసైత్ డాక్‌యార్డుకు కూతవేటు దూరంలో. పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ బాబాయి లెక్కలో అది ఇంగ్లండే కాబట్టి ఆ సంగతి వదిలేస్తాను. ఆ మెసేజ్ కింద బంధువులందరూ వరసపెట్టి చప్పట్ల బొమ్మలు పెట్టారే, అక్కడ నాకు ఒళ్ళు మండింది.

అడిగిన మాట నిజమే. 2011 అక్టోబరు నుంచి 2012 ఫిబ్రవరి వరకు ఒకసారి, 2014 నవంబరు నుంచి 2015 ఫిబ్రవరి వరకు మరొకసారి రక్షణ శాఖ ప్రజాభిప్రాయ సేకరణ జరిపింది. మొదటిసారి అడిగింది, జలాంతర్గాములను ఏ పద్ధతిలో విప్పాలి, ఇంగ్లండులో ప్లిమత్ నగరంలోని డెవన్‌పోర్టు డాక్‌యార్డులోనా, రొసైత్‌లోనా, రెండు చోట్లా అని. అప్పటికే అవన్నీ ఆ రెండు రేవుల్లోనే దశాబ్దాలుగా కట్టేసి ఉన్నాయి, కాబట్టి రెండు చోట్లా అన్న జవాబు రావడానికి పెద్ద మేధోమథనం అవసరం లేదు. రెండోసారి అడిగింది, వ్యర్థాలను ఆల్డర్‌మాస్టన్, బర్గ్‌ఫీల్డ్, సెల్లాఫీల్డ్, చాపెల్‌క్రాస్, కేపెన్‌హర్స్ట్ అనే అయిదింటిలో ఎక్కడ తాత్కాలికంగా దాచాలని. అయిదూ ముందే అణు పనులు జరిగిన చోట్లే, అయిదింటినీ ఎంపిక చేసింది వాళ్ళే. పెళ్ళికొడుకునీ, కట్నాన్నీ, ముహూర్తాన్నీ పెద్దలు ఖాయం చేసేసి, విందులో ముద్దపప్పు ఉండాలా, మామిడికాయ పప్పు ఉండాలా అని పెళ్ళికూతురిని అడగడం మా ఇళ్ళలో కూడా ఉంది. దానిని ఎవరూ ప్రజాస్వామ్యం అనలేదు.

2016లో కేపెన్‌హర్స్ట్‌ను ఖరారు చేశారు. అక్కడికి చేరవలసినది ఇంధనం కాదు, రియాక్టర్ గుండెకాయను మోసే మందపాటి ఉక్కు పాత్ర. ఇంధనం తీసివేసినా, ఏళ్ళ తరబడి న్యూట్రాన్ల దెబ్బలు తిన్న ఆ ఉక్కే రేడియోధార్మికంగా మారుతుంది. అందులోని కోబాల్ట్-60 అయిదేళ్ళకు పైచిలుకులో సగమవుతుంది గానీ, నికెల్-63 సగం కావడానికి దాదాపు నూరేళ్ళు పడుతుంది. దీనికి శాశ్వత స్థానంగా చెబుతున్న భూగర్భ నిల్వకు ఇంతవరకూ స్థలమే ఖరారు కాలేదు. స్థలం దొరకని శాశ్వతం కోసం తాత్కాలికాన్ని ఎక్కడ పెట్టాలో మాత్రం మర్యాదగా అడిగారు. ఒకప్పుడు సముద్రంలో ముంచేసే ఆలోచన కూడా ఉండేది, 1983లో అంతర్జాతీయంగా సముద్రంలో అణు వ్యర్థాలు పారవేయడం నిలిచిపోవడంతో ఆ దారి మూసుకుపోయింది. చేపలకు ఫారాలు పంచే అవసరం అలా తప్పింది.

అసలు అడగవలసిన రోజు 1960 అక్టోబరు 21. ఆ రోజున ఇంగ్లండులోని బారో ఓడల కర్మాగారంలో రాణి చేతుల మీదుగా డ్రెడ్‌నాట్ జలప్రవేశం చేసింది. బ్రిటన్ తొలి అణు జలాంతర్గామి, లోపలి రియాక్టర్ అమెరికాది. 1980లో సేవ నుంచి తప్పించారు, అప్పటికి దానిని ఏం చేయాలో ఎవరికీ తెలియదు. అది పనిచేసిన కాలం పదిహేడేళ్ళు, రొసైత్‌లో ఖాళీగా పడి ఉన్న కాలం అంతకు రెట్టింపుకు పైమాటే. దాని పక్కన పొలారిస్ అణు క్షిపణులు మోసిన నాలుగు జలాంతర్గాములు, చర్చిల్, స్విఫ్ట్‌షూర్ వచ్చి చేరాయి, దానితో కలిపి మొత్తం ఏడు. నీళ్ళ మీద తేలే నల్లటి పొట్టలు తుప్పు పట్టకుండా వాటిని అప్పుడప్పుడూ డాక్‌లోకి లాగి, పరీక్షించి, రంగు వేసి, మళ్ళీ తెచ్చి కట్టేస్తూ వచ్చారు. స్విఫ్ట్‌షూర్ 1992లో రిటైరైతే దానిని విప్పడం 2016 డిసెంబరుకు గానీ మొదలు కాలేదు.

రొసైత్ మాట వచ్చింది కాబట్టి నా అసలు కడుపుమంట చెప్పి తీరాలి. ట్రైడెంట్ అణు క్షిపణులు మోసే జలాంతర్గాముల మరమ్మతు పని రొసైత్‌కేనని నమ్మించి, వాటి కోసం ఇక్కడ కొత్త డాక్ తవ్వకం కూడా మొదలుపెట్టి, 1993లో ఆ పని మొత్తం డెవన్‌పోర్టుకు ఇచ్చేశారు. తవ్విన గొయ్యి గొయ్యిగానే మిగిలింది. ఆ ప్రకటన నాటి మాట ఎత్తితే మా వీధిలో రిటైరైన వెల్డర్లకు ఇప్పటికీ మొహం ఎర్రబడుతుంది. మరి బతికున్న జలాంతర్గాములతో పాటు చచ్చినవాటినీ పట్టుకుపోవచ్చు కదా? లేదు, జీతాలు అటు, శవాలు ఇటు. అప్పుడు మమ్మల్ని ఏ ఫారం మీద ఏ గడిలో టిక్కు పెట్టమన్నారు?

డెవన్‌పోర్టు వాళ్ళు మాత్రం సుఖపడ్డారని కాదు. అక్కడి సదుపాయాలు భద్రతా ప్రమాణాలకు తగినట్లు లేవని 2004లో ఇంధనం తీయడం ఆపేశారు. 2019లో జాతీయ ఆడిట్ కార్యాలయం లెక్క తేల్చేసరికి, 1980 నుంచి రిటైరైన 20 జలాంతర్గాములలో ఒక్కదానినీ పూర్తిగా వదిలించుకోలేదు, తొమ్మిదింటిలో ఇంధనం ఇంకా అలాగే ఉంది, వాటిని కాపాడడానికి అప్పటికే 50 కోట్ల పౌండ్లు ఖర్చయ్యాయి. ఆ తొమ్మిదీ ఉన్నది ప్లిమత్ నగరంలో, ఇళ్ళకూ బడులకూ దగ్గరలో. ఇన్నేళ్ళలో ఒక్కదానినీ వదిలించుకోలేని శాఖ, కేపెన్‌హర్స్ట్ ఎంపికలో ప్రజల మాట విన్నానని భుజాలు చరుచుకుంటోంది.

మన దగ్గర ప్రజాభిప్రాయ సేకరణ అంటే బారికేడ్లు, పోలీసు వ్యాన్లు, ముందు వరుసలో బస్సుల్లో తెచ్చిన జనం అని నాకూ తెలుసు. ఇక్కడ టీ, బిస్కెట్లు ఇచ్చి, బొమ్మలతో పోస్టర్లు అంటించి, ఎంతో ఓపికగా వింటారు, ప్రశ్న మాత్రం తామే రాసుకుని వస్తారు. బాబాయి ఊరికి దగ్గరలోనే, రాంబిల్లి తీరంలో, జలాంతర్గాముల కోసం స్థావరం కడుతున్నారు; మన దేశంలో కట్టిన తొలి అణు జలాంతర్గామి అరిహంత్ విశాఖలో 2009లోనే జలప్రవేశం చేసింది. అది రిటైరైన రోజున దాని ఉక్కు పాత్ర ఎక్కడికి పోతుందో ఇప్పుడే అడగమని గ్రూపులో రాశాను. ఇంతవరకు ఒక్క చప్పట్ల బొమ్మ కూడా రాలేదు.