మేస్త్రీకి లైసెన్సు ఉండాల్సిందే

కూలీలను తెచ్చే మేస్త్రీలకు లైసెన్సు తప్పనిసరి చేయాలన్న మీ వ్యాసంతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. మాది కోనసీమ. నాట్లకు బెంగాల్ నుంచి, శ్రీకాకుళం నుంచి ముఠాలు వస్తాయి. ఎకరానికి ఇంతని బేరం మేస్త్రీతోనే, డబ్బూ అతని చేతికే. కూలీకి ఎంత ముట్టిందో రైతుకి తెలియదు. సార్వా నాట్లప్పుడు ఒకామెని అడిగితే "ఊరెళ్లాక లెక్క చూస్తారటండి" అంది. అడ్వాన్సు, చార్జీలు, బియ్యం అన్నీ మేస్త్రీ నోటుపుస్తకంలోనే.

1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ప్రతి కూలీకి ఫొటోతో పాస్‌బుక్ ఇవ్వాలంది, అదీ వాళ్ల భాషలో. నేనైతే ఒక్కటీ చూడలేదు. శ్రీకాకుళం వాళ్లకైతే మరీ అన్యాయం, సొంత రాష్ట్రమే కాబట్టి ఆ చట్టం వర్తించనే లేదు. మేస్త్రీ ఎగ్గొడితే పని చేయించుకున్నవాళ్లే కూలి కట్టాలనీ ఆ చట్టంలో ఉండేది. రైతుగా నాకు సమ్మతమే, కాకపోతే మేస్త్రీకి ఇచ్చిన డబ్బుకి మాకూ రశీదు కావాలి.