పాలిచ్చే తల్లికి కూలి ఎవరిస్తారు?

ఫిబ్రవరి మొదలుకొని మే దాకా గుంటూరు మిర్చి యార్డుకు సరకు పోటెత్తే రోజుల్లో, చుట్టుపక్కల గోదాముల్లో తొడిమలు తీసే పనికి కూర్చునే ఆడవాళ్లలో చంటిపిల్లల తల్లులూ ఉంటారు. కాయల తూకాన్ని బట్టి కూలి కట్టే పని కనుక మధ్యలో లేచిన ప్రతిసారీ ఆనాటి డబ్బులు తగ్గుతాయి. బిడ్డను వెంట తెచ్చుకుంటే ఘాటుకు తుమ్ములూ దగ్గులూ తప్పవు, ఇంటి దగ్గర వదిలివస్తే పొద్దున ఇచ్చిన పాలే సాయంత్రం దాకా ఆధారం. అన్నిటికన్నా చిక్కు చేతులతో వస్తుంది. మిరపకాయలో మంట పుట్టించే పదార్థం నూనెలో కరుగుతుంది గానీ నీళ్లలో దాదాపు కరగదు కాబట్టి, చెంబెడు నీళ్లు పోసుకున్నంత మాత్రాన అది వదలదు. ఆ చేతులతో రొమ్మును తాకడానికీ, ఏడ్చే బిడ్డ మూతి తుడవడానికీ జంకే తల్లికి తల్లిపాల గొప్పదనం గురించి కొత్తగా చెప్పగలిగింది ఏముంది?

అయినా ఏటా ఆగస్టు 1 నుంచి 7 వరకు వారోత్సవాలు జరిపి చెబుతూనే ఉన్నాం. పుట్టిన గంటలోపు ముర్రుపాలు పట్టాలని, ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే తప్ప మంచినీళ్లయినా వద్దని, ఆపైన ఇతర ఆహారంతో పాటు రెండేళ్లూ పాలివ్వాలని చెప్పే మాటల్లో తప్పేమీ లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఆరు నెలల లోపు పిల్లల్లో తల్లిపాలు మాత్రమే తాగుతున్నవారు 63.7 శాతం. పుట్టిన గంటలోపు పాలు అందిన పిల్లలు మాత్రం 41.8 శాతమే. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 96కు పైగా కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నప్పుడు, మొత్తం కాన్పుల్లో 42 శాతం సిజేరియన్లు అయినప్పుడు, ఆ మొదటి గంటకు జవాబుదారీ ఆసుపత్రే అవుతుంది తప్ప మత్తు దిగని బాలింత కాదు. అది విడిగా రాయవలసిన విషయం.

పెద్దవాళ్ల మూఢత్వం వల్లే ఈ గతి పట్టిందనడం తేలిక. వేసవిలో బిడ్డ నాలుక పిడచకట్టుకుపోతుందని అమ్మమ్మలు చెంచాడు నీళ్లు పట్టడం, ఉబ్బసం రాదని గాడిదపాలు కొని పోయడం మన వీధుల్లో ఇంకా ఉన్నమాట నిజమే. తల్లిపాలలో 88 శాతం దాకా నీరే కనుక గుంటూరు ఎండలకైనా ఆ బిడ్డకు వేరే నీళ్లు అక్కర్లేదని అంగన్‌వాడీ కార్యకర్త ఓపికగా చెబితే వినేవాళ్లు వింటారు. పనికిపోయిన తల్లి ఎనిమిది గంటలపాటు తిరిగిరాని ఇంట్లో, ఏడ్చే పసికందు ముందు కూర్చున్న అమ్మమ్మకు మాత్రం ఆ సలహా ఏ విధంగానూ ఉపయోగపడదు.

ఆ ఖాళీలోకే పాలపొడి డబ్బా వస్తుంది. రెండేళ్లలోపు పిల్లల పాలపొడికి ప్రకటనలు, ఉచిత నమూనాలు ఉండరాదని 1992 నాటి చట్టం, 2003 సవరణ నిషేధించాయి కాబట్టి ఆ తల్లి ఏ ప్రకటన చూసో దాన్ని కొనడం లేదు. మూడు నెలల బిడ్డకు పూర్తిగా పొడిపాలే పోస్తే 400 గ్రాముల డబ్బా నాలుగు రోజులు రావడమే గగనం. కాబట్టి చెంచాలు తగ్గుతాయి, నీళ్లు పెరుగుతాయి, బిడ్డ కడుపు నిండినట్టే ఉండి చిక్కిపోతుంది. ఆ నీళ్ల సంగతి మరీ భయం. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచెత్తినప్పుడు ఇంటి చుట్టూ నీళ్లే గానీ తాగడానికి గుక్కెడు లేని స్థితిలో, డబ్బాలో పొడి ఉన్నా దాన్ని దేనితో కలపాలో, సీసా ఎలా మరిగించాలో తోచని పరిస్థితి ఎలాంటిదో ఊహించుకోవచ్చు. రొమ్ముపాలు తాగే బిడ్డకు ఆ ఒక్క బాధ లేదు.

చట్టాలు లేకపోలేదు. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించి వేతనంతో కూడిన సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచారు. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట పిల్లల సంరక్షణ గది ఉండాలన్నారు. బిడ్డకు 15 నెలలు వచ్చేదాకా రోజుకు రెండుసార్లు పాలిచ్చే విరామం అంతకు ముందు నుంచే ఉంది. తరువాత వచ్చిన సామాజిక భద్రతా స్మృతిలోనూ ఇవన్నీ చోటుచేసుకున్నాయి. అయితే మేస్త్రీ కబురు పెడితే వచ్చి, సాయంత్రం కూలి పుచ్చుకుని వెళ్లే మనిషి పేరు ఏ హాజరుపట్టీలో ఉంటుంది? రాష్ట్ర ప్రభుత్వోద్యోగినికి 180 రోజుల నిండు జీతం అందుతుంది, అందవలసిందే. కూలితల్లికి దక్కేది కేంద్ర ప్రభుత్వ మాతృ వందన యోజన కింద తొలి కాన్పుకు 5,000 రూపాయలు. ఆరు నెలలకు పంచితే రోజుకు 28 రూపాయలు కూడా పడవు. రెండో బిడ్డ ఆడపిల్లయితే 6,000 ఇస్తారు, మగబిడ్డయితే ఏమీ రాదు. ఆకలికి ఆడా మగా తేడా ఎక్కడిదో ఈ నిబంధన రాసినవారే చెప్పాలి. 2013 ఆహార భద్రత చట్టం ప్రభుత్వరంగంలో ఉద్యోగం లేని ప్రతి గర్భిణికీ బాలింతకూ 6,000కు తగ్గకుండా ఇవ్వాలన్నప్పుడు ఈ కాన్పుల లెక్క పెట్టనే లేదు.

అంగన్‌వాడీలకు జతగా నడిచే పాల్నా శిశు సంరక్షణ కేంద్రాలు మంచి ఆలోచనే. కానీ అవి ఆరు నెలలు నిండిన పిల్లలకే. తల్లిపాలు తప్ప ఏమీ వద్దని ప్రభుత్వం చెప్పే ఆ మొదటి ఆరు నెలల్లో బిడ్డకు వీటిలో చోటు లేదు. పాలిచ్చే తల్లికి రోజుకు 600 కేలరీల ఆహారం అదనంగా కావాలని భారత వైద్య పరిశోధన మండలి అంటున్నది. అటు తిండి పెరగాలి, ఇటు కూలి ఆగాలి. ఈ రెండూ ఒకే ఇంట్లో ఎలా పొసగుతాయి? అసంఘటిత రంగంలోని ప్రతి తల్లికీ, ఎన్నో కాన్పు అన్న లెక్క లేకుండా, ఆరు నెలల కనీస వేతనాన్ని నెలనెలా బ్యాంకు ఖాతాలో వేయాలని మేము కోరుతున్నాము. ఖర్చు తక్కువేమీ కాదు. ఇప్పుడు ఆ ఖర్చును తల్లి తన కూలిలోంచి, బిడ్డ తన ఒంట్లోంచి కడుతున్నారు.

ఆరు నెలల తరువాత పనికి తిరిగివచ్చే తల్లుల కోసం మిర్చి యార్డు పరిసరాల్లో, ఘాటు తగలనంత దూరంలో పిల్లల గదులు కావాలి. అందులో ఊయలలు, ఒక ఆయా, చేతులకు రాసుకోవడానికి కాస్త నూనె, సబ్బు, ధారగా వచ్చే కుళాయి ఉంటే చాలు. నాలుగు నెలల సీజనుకు ఇంత హంగు ఎందుకని అడిగే వ్యాపారులు, తమ కాటాలూ షెడ్లూ కూడా ఎక్కువగా ఆ నాలుగు నెలల కోసమేనని మరవకూడదు. మార్కెట్ సెస్సు రూపంలో యార్డుకు వచ్చే రాబడిలో తొడిమ తీసిన చేతుల కష్టమూ కలిసే ఉంది. వచ్చే ఫిబ్రవరిలో సరకు దిగక ముందే ఆ గదులకు స్థలం ఖరారు చేసి, మార్కెట్ కమిటీ బడ్జెట్‌లో వాటికి ఒక పద్దు తెరవాలి.