గాలితో కాపురం

(విశాఖపట్నం సీతమ్మధారలో ఒక ఇంటి పోర్టికో. ఆదివారం పొద్దున్న ఆరున్నర. మధ్యలో పదహారేళ్ల పాత ఫోర్ బై ఫోర్ బండి. ఎడమ వెనక మూల నేలకి ఆనేంత కుంగిపోయి, పడుకోవాలా వద్దా అని ఆలోచిస్తున్న గేదెలా ఉంది. అప్పారావు మూడు నెలల కిందట రిటైరయ్యాడు. ఈ ఇంట్లో జరుగుతున్నవాటికి అసలు కారణం అదే. వరలక్ష్మి చేతిలో చీపురు, మగ్గు.)

వరలక్ష్మి: ఏమండీ! మీ గేదె మళ్లీ కూర్చుంది.

అప్పారావు: కూర్చోలేదే. రాత్రి కాస్త గాలి తగ్గింది. స్టార్ట్ చేస్తే రెండు నిమిషాల్లో లేస్తుంది.

వరలక్ష్మి: బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ ఉంది, చూశారు కదా? 2002 నుంచి అది మ్యూజియం. మునగడమే ఉద్యోగంగా బతికిన మనిషి, అయినా ఇన్నేళ్లలో ఒక్క అంగుళం దిగలేదు. మీ బండి ఏటండీ, నేల మీదే మునిగిపోతోంది?

అప్పారావు: నువ్వు వెటకారంగా అన్నా పాయింటు అదే. సబ్‌మెరైన్ పైకి తేలాలంటే ట్యాంకుల్లో నీళ్లని గాలితో బయటికి నెడతారు. దీనికీ గాలే ఆధారం. ఇనప స్ప్రింగులకి బదులు నాలుగు చక్రాల దగ్గరా నాలుగు రబ్బరు సంచులు. కంప్రెసర్ గాలి కొడితే సంచి ఉబ్బుతుంది, బండి లేస్తుంది. రేంజ్ రోవర్‌కి 1992లోనే పెట్టారు తెలుసా!

వరలక్ష్మి: 1992లో మన పెళ్లి. మా నాన్న మీకు ఇనప స్ప్రింగుల స్కూటరు పెట్టారు. పద్దెనిమిదేళ్లు తొక్కారు. ఒక్క రోజు అలిగి కూర్చుందా?

అప్పారావు: స్కూటరుకి ఎత్తు మార్చుకునే సౌకర్యం ఏదీ? ఇది చూడు. మామూలు ఎత్తు ఒకటి, రాళ్ల దారికి ఒకటి, ఎక్కి దిగడానికి కిందికి వంగేది ఒకటి. దాని మీద నిన్న నేను ఇంకో 40 మిల్లీమీటర్లు లేపాను.

వరలక్ష్మి: దేంతో లేపారు? జాకీతోనా?

అప్పారావు: బుర్రతో. ప్రతి చక్రం దగ్గరా ఎత్తు చూసే సెన్సర్ ఉంటుంది. దానికో చిన్న కడ్డీ. ఆ కడ్డీ కదలికని బట్టి బండి ఎంత ఎత్తులో ఉందో కంప్యూటర్‌కి కబురు వెళ్తుంది. మన బండిలో అది కాస్త పొట్టిది వేశామనుకో, ‘అయ్యో, బండి కుంగిందే’ అనుకుని కంప్యూటర్ ఇంకాస్త గాలి కొట్టిస్తుంది.

వరలక్ష్మి: అంటే కంప్యూటర్‌కి అబద్ధం చెప్పారు.

అప్పారావు: దాన్ని ట్యూనింగ్ అంటారు.

వరలక్ష్మి: మా చిన్నాన్న కూడా కరెంటు మీటరుకి ట్యూనింగ్ చేశాడు. ఫైను కట్టాడు. ఇంతకీ ఎందుకు లేపినట్టు?

అప్పారావు: వంజంగి కొండకి. మేఘాల మీద సూర్యోదయం చూపిస్తానన్నానా లేదా? దారంతా రాళ్లు, గుంటలు. కింద తగలకూడదు కదా.

వరలక్ష్మి: రెండేళ్లయింది ఈ బండి కొని. ఇప్పటిదాకా మీరు ఎక్కించిన కొండ ఎంవీపీ రైతు బజారు ముందు స్పీడు బ్రేకరు. అది సరే, ఈ ఎత్తుకి మా అమ్మ ఎలా ఎక్కుతుంది?

అప్పారావు: చెప్పాను కదా, బటన్ నొక్కితే 50 మిల్లీమీటర్లు కిందికి వంగుతుంది.

వరలక్ష్మి: 40 పైకి లేపారు. 50 కిందికి దింపుతారు. పాత ఎత్తు మీద దిగేది ఎంత? పది. పది మిల్లీమీటర్లు అంటే నా జాకెట్టు కుట్టులో వదిలే మడత కూడా కాదు. మోకాలి ఆపరేషన్ అయిన మనిషి!

అప్పారావు: ... స్టూలు కొందామే.

వరలక్ష్మి: ఆ మాట అనడానికి ఎందుకు అంతసేపు ఆలోచించారు? అమ్మ ఎక్కలేకపోతే బాగుణ్ణని లోపల ఉందేమో!

అప్పారావు: రామ రామ! అంత మాటా? (బండి స్టార్ట్ చేశాడు. కింద కంప్రెసర్ కీచుమంటూ మొదలైంది. గేదె మెల్లగా లేచింది. తనే లేపినంత గర్వంగా అప్పారావు కిందికి దూరబోయాడు.)

వరలక్ష్మి: ఆగండి! ఎందుకు దూరుతున్నారు?

అప్పారావు: లీకు ఎక్కడో చూడాలి.

వరలక్ష్మి: రాత్రంతా దిగిపోయే బండి కిందికి, గాలి మీద నమ్మకంతోనా? నా పసుపు కుంకుమల సంగతేంటి? ముందు ఛాసిస్ కింద ఆ స్టాండ్లు పెట్టండి.

(ఇది మాత్రం వరలక్ష్మే రైటు. గాలి సంచి ఎప్పుడు దిగుతుందో చెప్పి దిగదు. అప్పారావు గొణుక్కుంటూ స్టాండ్లు పెట్టాడు. స్ప్రే సీసా తీశాడు.)

వరలక్ష్మి: ఆ సీసాలో నురగేంటి? అందుకేనా నిన్నటి నుంచి గిన్నెల సబ్బు కనిపించట్లేదు!

అప్పారావు: సైకిల్ ట్యూబుకి నీళ్ల తొట్టి ఎలాగో, దీనికి సబ్బు నీళ్లు అలాగ. లైటు ఇటు పట్టు. ఇంకొంచెం... చూశావా?

(రబ్బరు సంచి కింది మడత దగ్గర నురగ చిన్న చిన్న ముత్యాల్లా పుట్టింది. ఒకటి ఉబ్బి, పగిలి, అక్కడే ఇంకోటి పుట్టింది. వేలితో తుడిస్తే రబ్బరు మీద సన్నటి పగుళ్లు, ఎండిన చెరువు మట్టిలా.)

అప్పారావు: ఇన్నాళ్లూ కనపడలేదు. బండి పైకి లేపేసరికి మడత విప్పుకుని బయటపడ్డాయి.

వరలక్ష్మి: పట్టుచీర అంతే. ఏళ్ల తరబడి ఒకే మడత మీద బీరువాలో పెడితే మడత దగ్గరే చిరుగుతుంది. అందుకే నేను ఆరు నెలలకోసారి మడత మార్చి పెడతాను. అతుకు వేస్తారా?

అప్పారావు: దీనికి అతుకులు నిలవవు. సంచే మార్చాలి. మారిస్తే వెనక రెండూ కలిపి మార్చాలి, లేకపోతే ఒకటి కొత్తది, ఒకటి ముసలిది.

వరలక్ష్మి: రెండు సంచులు. సరే. ఇంకా?

అప్పారావు: కంప్రెసర్‌లో డ్రయర్ కూడా. లోపలికి పోయే గాలిలో తేమ పీల్చుకునే గుళికలు ఉంటాయి అందులో. చెప్పుల డబ్బాలో వచ్చే తెల్ల పొట్లం చూశావు కదా, అలాంటివే. అవి తడిసిపోతే నీళ్లు వాల్వుల్లోకి పోయి పట్టేస్తాయి.

వరలక్ష్మి: ఈ ఊళ్లో ఉప్పు డబ్బాలో ఉప్పే నీరుకారిపోతుంది, మీ గుళికలొక లెక్కా? నేను ఉప్పులో నాలుగు బియ్యం గింజలు వేస్తాను. మీరూ వేయండి.

అప్పారావు: కంప్రెసర్‌లో అన్నం వండమంటావా! అసలే లీకు వల్ల అది ఆగకుండా తిరిగి వేడెక్కి ఆగిపోతోంది.

వరలక్ష్మి: ఇంకా ఉన్నాయా?

అప్పారావు: (గొంతు తగ్గించి) ఎత్తు లేపాం కాబట్టి వీల్ అలైన్‌మెంట్ మళ్లీ చేయించాలి. లేకపోతే టైర్లు ఓ పక్కకి అరిగిపోతాయి. అంతే. ఇంక దాదాపు అంతే. (జేబులోంచి టేపు తీశాడు.)

వరలక్ష్మి: అది నా కుట్టుమిషన్ టేపు!

అప్పారావు: చక్రం మధ్య నుంచి పైన మడ్‌గార్డు అంచు దాకా కొలవాలి. నేల నుంచి కొలిస్తే టైర్లలో గాలి తేడా కూడా కలిసిపోతుంది. నాలుగు మూలలా కొలిచి, తేడా ఉన్నచోట కడ్డీ ఒక్కో చుట్టు తిప్పి సరిచేయాలి. నిన్నటి నుంచి అదే గొడవ. ఒక మూల కుదిరితే ఇంకో మూల తప్పుతోంది. ఆ ఆటోనగర్ మెకానిక్ కుర్రాడు ఒక్కటే మాట చెప్పాడు, నేల సమంగా ఉన్న చోట పెట్టి చూడమని, లేకపోతే బరువంతా ఓ పక్కకి ఒరిగి కొలతలు తేడా వస్తాయని.

వరలక్ష్మి: మరి మీరు ఎక్కడ కొలిచారు?

అప్పారావు: ఇక్కడే. పోర్టికోలో. నున్నటి గచ్చు.

(వరలక్ష్మి ఏం మాట్లాడలేదు. కుడి ముందు చక్రం దగ్గర మగ్గుడు నీళ్లు పోసింది. నీళ్లు ఒక్క క్షణం ఆగి, బండి కింద నుంచి అడ్డంగా పరుగెత్తి, సరిగ్గా ఎడమ వెనక చక్రం పక్కనున్న తూములోకి జారిపోయాయి.)

వరలక్ష్మి: ఇరవై రెండేళ్లుగా రోజూ ఇది కడుగుతున్నాను. ఇల్లు కట్టినప్పుడు, వాన నీళ్లు గుమ్మంలోకి రాకూడదని మేస్త్రీని నిలబెట్టి వాలు పెట్టించింది ఎవరు?

అప్పారావు: ... నేనే.

వరలక్ష్మి: మరి సమంగా ఉన్న నేల కావాలంటే మా అమ్మ వాళ్ల సెల్లార్. గోళీ వేస్తే కదలదు. అక్కడ పెట్టి కొలవండి, నేను టేపు పట్టుకుంటాను.

అప్పారావు: అక్కడ దూలం బాగా కిందికి ఉంటుందే. పైన క్యారియర్ ఒకటి, ఇప్పుడు ఈ 40 ఒకటి. దూరదు.

వరలక్ష్మి: ఈ రాత్రికి అమ్మ వాళ్ల గేటు ముందు పెట్టండి. పొద్దున్నకి అదే దిగుతుంది. స్టార్ట్ చేయకుండా వాచ్‌మన్, మీరు కలిసి లోపలికి తోసేయండి. అమ్మకి ఎక్కడానికీ అదే ఎత్తు. ఏడింటికల్లా రెడీగా ఉండమని ఇందాకే ఫోన్‌లో చెప్పేశాను.